ఏడో సందులో దయ్యం: జాడలతో పనిచేసే ఏజెంట్ల గురించి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో చిన్న రోబోటిక్స్ కంపెనీలో ఉద్యోగం. గోడౌన్‌లో సరుకు మోసే బండ్లు ఇప్పుడు 14, వచ్చే ఏడాదికి 60 చేయాలి. ఏ బండి ఎటు వెళ్లాలో ఒక్క సర్వరే చెబుతోంది. వైఫై కాస్త తడబడితే చాలు, అన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోతున్నాయి. "చీమల్లాగా చేద్దాం, ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే అవే సర్దుకోవాలి" అని మేనేజర్ అన్నాడట. ఇది నిజంగా పనిచేస్తుందా అన్నా, ఒక్కో బండిలో ఎంత తెలివి పెట్టాలి, మధ్యలో సర్వర్‌ని పూర్తిగా తీసేయొచ్చా అని అడిగాడు.

పనిచేస్తుంది తమ్ముడూ. కానీ నీ రెండో ప్రశ్నను కొంచెం తిరగేసి అడగాలి. బండిలో ఎంత తెలివి పెట్టాలన్న దానికి జవాబు సులువు, వీలైనంత తక్కువ. బండి తిరిగే నేల మీద ఏం రాయాలి, రాసింది ఎప్పుడు ఎవరు చెరపాలి అన్న దగ్గరే నీ ఆరు నెలలు గడుస్తాయి. నేను ఈ పనిలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ చెరపడం దగ్గర చేసినవే.

గుమ్మం దగ్గర మొదలుపెడదాం. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో మాది మూడో అంతస్తు. నీళ్ల క్యాన్ అయిపోగానే ఖాళీది తలుపు బయట పెడతాం. పొద్దున ఏడింటికి క్యాన్లు వేసే కుర్రాడు వస్తాడు. ఏ గుమ్మం ముందు ఖాళీ క్యాన్ కనబడితే అక్కడ నిండుది దించి, ఖాళీది పట్టుకుపోతాడు. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయరు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎన్ని రోజులకు ఒక క్యాన్ పడుతుందో ఆ కుర్రాడి దగ్గర లెక్క లేదు. అతనికి మా పేర్లు కూడా తెలియవు. ఏడాదిలో ముగ్గురు కుర్రాళ్లు మారారు, కొత్తగా వచ్చినవాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు, నీళ్లు మాత్రం ఆగలేదు. ఇక్కడ కబురు మోసేది ఖాళీ క్యానే. నిండు క్యాన్ దిగిన క్షణంలో ఆ కబురు దానంతటదే మాయమవుతుంది. ఈ మాట మనసులో పెట్టుకో, చివర్లో దీంతో పనుంది.

దీన్నే శాస్త్రవేత్తలు స్టిగ్మర్జీ అంటారు. 1959లో పియర్ పాల్ గ్రాసే అనే ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త పెట్టిన పేరు. గ్రీకులో స్టిగ్మా అంటే గుర్తు, ఎర్గాన్ అంటే పని. ఆయన చూసింది చీమలను కాదు, చెదలను. మనం "చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవైనట్టు" అంటాం గానీ ఆ పుట్టలు పెట్టేది చెదపురుగులే. సామెతలో పేరు చీమకు పోయింది, ఇల్లు పాముకు పోయింది, పాపం కట్టినదానికి ఏమీ మిగల్లేదు. వేల పురుగులు, మేస్త్రీ లేడు, ప్లాన్ లేదు, కూలి పురుగుల్లో చాలా జాతులకు చూపే లేదు, అయినా స్తంభాలు లేస్తున్నాయి, వాటి మీద కమానులు కలుస్తున్నాయి. గ్రాసే చెప్పింది ఏమిటంటే, పురుగుకు పని పురమాయించేది అప్పటిదాకా జరిగిన పనే. ఒకచోట మట్టి ముద్ద పడితే అది చూసి (చూసి అనకూడదేమో, తగిలి) మరో పురుగు అక్కడే ఇంకో ముద్ద వేస్తుంది. పెద్దదైన కుప్ప ఇంకా ఎక్కువ ముద్దలను రప్పిస్తుంది. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు కాబట్టి నేను జాడ పద్ధతి అంటుంటాను.

ఒక గందరగోళం ఇక్కడే తీసేద్దాం. ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు పక్షుల గుంపు బొమ్మ చూపించి ఇదే స్టిగ్మర్జీ అంటుంటారు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ చేసిన బాయిడ్స్ అనే కంప్యూటర్ పక్షుల ప్రోగ్రామ్‌లో ప్రతి పక్షీ పక్క పక్షిని చూసి సర్దుకుంటుంది. అది నేరుగా చూసుకోవడం. 2014లో హార్వర్డ్‌లో 1024 చిన్న రోబోలు కలిసి ఆకారాలు కట్టాయి, అవీ పక్కవాటితో ఇన్‌ఫ్రారెడ్‌లో మాట్లాడుకున్నాయి. రెండూ గొప్పవే, కానీ జాడ పద్ధతి కాదు. జాడలో రాసినవాడు వెళ్లిపోయాక కూడా రాసింది ఉంటుంది. చదివేవాడు ఎప్పుడో వస్తాడు. నీ వైఫై తడబాటుకు పనికొచ్చే గుణం సరిగ్గా అదే, ఇద్దరూ ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉండక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. ఇది వదిలేసి ముందుకు పోకు, నీ గ్రిడ్ (గోడౌన్ నేలను గళ్లుగా విడగొట్టి జాడలు రాసుకునే పట్టిక) అంతా దీని మీదే నిలబడుతుంది.

1989, 1990ల్లో జాన్ లూయీ డెనూబూర్గ్, సైమన్ గాస్, ఇంకా వాళ్ల సహచరులు అర్జెంటీనా చీమల పుట్టకూ తిండికీ మధ్య రెండు వంతెనలు పెట్టారు. చీమ నడుస్తూ వాసన వదులుతుంది, వాసన ఎక్కువున్న వైపు మొగ్గుతుంది. రెండు వంతెనలూ సమాన పొడవుంటే, మొదట్లో యాదృచ్ఛికంగా ఏ వైపు కాస్త ఎక్కువ చీమలు వెళ్తే చివరికి దాదాపు అన్నీ ఆ వైపే పోయాయి. దానికి వాళ్లు కట్టిన సూత్రం చాలా చిన్నది. ఒక వంతెన మీద అప్పటిదాకా నడిచిన చీమల సంఖ్యకు 20 కలుపు, వర్గం చెయ్యి. రెండో వంతెనకూ అలాగే చెయ్యి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే తర్వాతి చీమ ఆ వంతెన ఎక్కే అవకాశం వస్తుంది.

చేసి చూద్దాం. ఎడమ వైపు ఒక్క చీమ వెళ్లింది, కుడివైపు ఏదీ వెళ్లలేదు. 21 వర్గం 441, 20 వర్గం 400. ఎడమకు అవకాశం 52 శాతం చిల్లర. అంటే ఇంకా బొమ్మా బొరుసే. ఎడమ 30, కుడి 10 అయ్యేసరికి 2500కూ 900కూ పోటీ, 73.5 శాతం. ఎడమ 100, కుడి 20 అయితే 14400కూ 1600కూ పోటీ, సరిగ్గా 90 శాతం. వర్గం చేయకుండా వదిలేస్తే ఇదే చోట 75 దగ్గరే ఆగేది. ఆ 20 అనే అంకె మొదట్లో తొందరపడకుండా ఆపుతుంది, ఆ వర్గం తర్వాత గట్టిగా ఒకవైపు తోస్తుంది. నీ సిస్టమ్‌లో ఈ రెండు మరలూ వేరువేరుగా తిప్పుకునేలా ఉంచు. రెండూ కలిపి ఒకే "సెన్సిటివిటీ" అని పెట్టేసిన కోడ్ నేను చూశాను, ఏది ఎందుకు చెడిందో రాసినవాడికే తెలియలేదు.

ఒక వంతెన పొట్టిది, ఒకటి పొడుగుది అయితే చీమలు పొట్టిదాన్నే పట్టుకుంటాయి. ఏ చీమా కొలవలేదు. పొట్టి దారిన వెళ్లినవి ముందు తిరిగొస్తాయి, కాబట్టి అక్కడ వాసన ముందు చిక్కబడుతుంది, అంతే. అందరూ ఈ కథ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. రెండో సగం నీకు ఎక్కువ పనికొస్తుంది. మొదట పొడుగు వంతెన ఒక్కటే ఉంచి, అరగంట తర్వాత పొట్టిది తగిలించారు. చీమల్లో ఎక్కువ భాగం పాత పొడుగు దారినే పట్టుకు వేలాడాయి. వాసన అప్పటికే అంత చిక్కబడిపోయింది. కొత్త దారి మంచిదైనా నేల దాన్ని చెప్పడం లేదు.

1992లో మిలాన్‌లో మార్కో డొరిగో తన డాక్టరేట్‌లో ఈ చీమలను అల్గారిథమ్‌గా మార్చినప్పుడు చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఒకటి, వాసన ఆవిరయ్యే వేగాన్ని బాగా పెంచడం. చీమను మక్కికి మక్కి దించి ఉంటే అది మొదట దొరికిన దారిలోనే ఇరుక్కునేది. ఆ తర్వాత 1998లో జియాని డి కారోతో కలిసి నెట్‌వర్క్ రూటింగ్‌కు, అంటే డేటా ఏ దారిన పోవాలో తేల్చడానికి, యాంట్‌నెట్ చేశారు, అక్కడ చిన్న ప్యాకెట్లే చీమలు, రూటర్లలోని పట్టికలే నేల. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతా, ఎవరైనా కొట్లాడాలంటే కొట్లాడవచ్చు. 60 ఊళ్లు చుట్టి రావడానికి పొట్టి దారి కావాలంటే చీమల అల్గారిథమ్ జోలికి వెళ్లకు. స్థిరంగా ఉండే మ్యాప్ మీద దానికన్నా మంచి సాల్వర్లు, అంటే లెక్క తేల్చే ప్రోగ్రామ్‌లు, ఎప్పటినుంచో ఉన్నాయి. మ్యాప్ నిమిషానికోసారి మారుతుంటే, మొత్తం మ్యాప్ ఎవరి దగ్గరా లేకపోతే, అప్పుడు ఇది అక్కరకొస్తుంది. నీ గోడౌన్ ఆ రెండో రకం.

ఇంకో చిన్న సంగతి. ఫారో చీమలని ఇళ్లలో కనిపించే బుల్లి పసుపు చీమలుంటాయి. 2003లో వాటి జాడ ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. ప్లాస్టిక్ మీద సుమారు 9 నిమిషాలకు సగమైంది, కాగితం మీద సుమారు 3 నిమిషాలకే సగమైంది. అదే చీమ, అదే వాసన. నేల మారితే జ్ఞాపకం మూడో వంతయింది. డిజైన్ చేయాల్సింది నేలను అని నేనంటే ఇదే నా ఉద్దేశం.

ఇక నా కథ.

చాలా ఏళ్ల కిందట హొసకోటె వైపు ఒక గోడౌన్‌లో తొమ్మిది బండ్లు దింపాం. కంపెనీ పేరు అనవసరం, తప్పు మాదే. ర్యాకుల మధ్య పన్నెండు సందులు. నేలను గళ్లుగా విడగొట్టి, ప్రతి సందు మొదట్లో ఉన్న చిన్న కంట్రోలర్ పెట్టెలో ఆ సందు గళ్ల అంకెలు దాచాం. బండి ఇబ్బంది పడితే ఆ గడిలో "ఇక్కడ అడ్డం" అని అంకె పెంచుతుంది. అంకె పెద్దగా ఉన్న గడిని మిగతా బండ్లు తప్పించుకుపోతాయి. అరపేజీ కోడ్. ల్యాబ్‌లో చూడముచ్చటగా ఉండేది, ఒక కుర్చీ అడ్డం పెడితే బండ్లు నీళ్లలా పక్కకు పారిపోయేవి. డెమో రోజు చప్పట్లు కూడా కొట్టారు.

రెండో వారంలో రాత్రి షిఫ్ట్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. హిందూపురం మనిషి, నిదానంగా మాట్లాడతాడు. "సార్, మీ బండ్లకు ఏడో సందంటే ఏమన్నా దయ్యం భయమా? పొద్దుట్నుంచి ఒక్కటీ అటు పోలేదు. ఆరులోనూ ఎనిమిదిలోనూ మాత్రం సంత మాదిరి ఉంది."

వెళ్లి లాగ్ చూశాం. పొద్దున తొమ్మిదిన్నరకు ఏడో సందులో ఒక ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) జారి పడింది. మూడు బండ్లు వచ్చి, ఆగి, తలా ఒక గుర్తు రాసి వెనక్కు పోయాయి. పది నిమిషాల్లో మనుషులు ప్యాలెట్ ఎత్తేశారు. కానీ గుర్తు అలాగే ఉంది. ఆ గుర్తు చూసి ఏ బండీ లోపలికి పోలేదు. ఏ బండీ పోలేదు కాబట్టి సందు ఖాళీగా ఉందని ఎవరికీ తెలియలేదు. తెలియలేదు కాబట్టి గుర్తు చెరగలేదు. రాత్రి పదకొండు దాకా ఆ సందులో గాలి తప్ప ఏమీ తిరగలేదు.

ఇందులో ఉన్న కిటుకు నాకు ఆ రాత్రి బుర్రకెక్కింది, ఏ పాఠంలోనూ అంత గట్టిగా ఎక్కలేదు. "ఇటు రా" అనే జాడ తప్పైతే దాన్ని నమ్మి వచ్చినవాడే తప్పు పట్టుకుంటాడు. తిండి లేదని చీమ ఖాళీ చేతులతో తిరిగెళ్తుంది, వాసన వేయదు, దారి మెల్లగా చచ్చిపోతుంది. "ఇటు రావద్దు" అనే జాడ తప్పైతే దాన్ని సరిచూసేవాడే రాడు. అది తనను తాను కాపాడుకుంటుంది. ఊళ్లో ఫలానా బావి దగ్గర దయ్యముందని ఒకసారి పుకారు పుడితే ముప్పై ఏళ్లు బతుకుతుంది చూశావా, అలాగన్నమాట. రావద్దనే గుర్తులు ప్రకృతిలో లేవని కాదు. ఇందాకటి ఫారో చీమలే, లాభం లేని దారి మొదట్లో "ప్రవేశం లేదు" అనే వాసన పెడతాయని 2005లో తేలింది. కానీ పుట్టలో దారి తప్పే చీమలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, అవి వద్దన్నా వెళ్తాయి. మా బండ్లు మాత్రం అతి క్రమశిక్షణ గలవి.

మేం చేసిన మొదటి మరమ్మతు సిగ్గుచేటు. రోజూ రాత్రి 12కు అన్ని గళ్లూ సున్నా చేసేశాం. దయ్యం రోజుకు ఒకసారి చచ్చి మళ్లీ పుట్టేది. రెండోసారి, అంకె 40 నిమిషాలకు సగమయ్యేలా పెట్టాం, 40 అన్నది ఎవరో మీటింగ్‌లో నోటికొచ్చింది అన్నారు. కొంచెం నయం, అంతే. మూడోసారి బుద్ధొచ్చి ఆ సూపర్‌వైజర్ పక్కన రెండు షిఫ్టులు స్టూల్ వేసుకుని కూర్చుని, ఏ అడ్డం ఎంతసేపు ఉంటుందో గడియారం పెట్టి రాసుకున్నాను. బండికి బండి ఎదురుపడటం, మనిషి ట్రాలీ ఆపి పెట్టె దించుకోవడం, ఇలాంటివి దాదాపు అన్నీ నాలుగు నిమిషాల లోపే తీరిపోతున్నాయి. సగమయ్యే సమయం 2 నిమిషాలు చేశాం. సమస్య పోయింది. అడ్డం ఎంతసేపు ఉంటుందో గుర్తు కూడా దాదాపు అంతసేపే ఉండాలి, ఆ అంకెను గోడౌన్‌లో కొలవాలి, మీటింగ్‌లో కాదు.

కోడ్ రాసేటప్పుడు పనికొచ్చేది ఒకటి. ఆవిరి చేయడానికి ప్రతి సెకనూ గళ్లన్నీ తిరిగి తగ్గించక్కర్లేదు. గడిలో రెండే దాచు, అంకె, చివరిసారి రాసిన సమయం. చదివేటప్పుడు ఎంత సమయం గడిచిందో చూసి అప్పుడు తగ్గించి చదువు. సగం కాలం 3 నిమిషాలైతే, 8 అని రాసిన గడి 9 నిమిషాల తర్వాత 1 అని చదవాలి. సర్వర్‌కు పని లేదు, కంట్రోలర్ ఆగి మళ్లీ లేచినా లెక్క చెడదు. పెట్టెల గడియారాలు మాత్రం ఒకదానితో ఒకటి కలిసేలా చూసుకో, అక్కడ ఒకసారి చెయ్యి కాల్చుకున్నాం. ఇంకొకటి, నూటికి రెండు మూడు సార్లు బండి గుర్తును లెక్కచేయకుండా వెళ్లేలా పెట్టు. దారి తప్పిన చీమ నీక్కూడా కావాలి. మేనేజర్ ఆ ట్రిప్పులను వేస్ట్ అంటాడు. అననీ.

అయితే నిజంగా ప్యాలెట్ పడి గంటసేపు ఉంటే? 2 నిమిషాల జ్ఞాపకంతో బండ్లు మాటిమాటికీ వెళ్లి ముక్కు కొట్టుకుని వస్తాయి కదా. దీనికి సూపర్‌వైజరే దారి చూపించాడు. పెద్ద అడ్డం పడితే ఎలాగూ మనిషి రావాల్సిందే. ఆ మనిషి సందు మొదట్లో ఒక ప్లాస్టిక్ కోన్ పెడతాడు, కోన్ మీద బండి కెమెరా చదివే కోడ్ స్టిక్కర్ ఉంటుంది. కోన్ కనబడినంతసేపూ బండి లోపలికి పోదు. ప్యాలెట్ ఎత్తేశాక మనిషి కోన్ తీసేస్తాడు, ఎందుకంటే తీయకపోతే అతనే తట్టుకుని పడతాడు. గ్రిడ్ లేదు, అంకె లేదు, ఆవిరి లేదు. మా గుమ్మం ముందు ఖాళీ క్యాన్ ఇదే. పని పూర్తయితే గుర్తు పోతుంది, వేరే ఎవరూ చెరపక్కర్లేదు. నేనిప్పుడు ఏ డిజైన్ చూసినా ముందు ఇదే వెతుకుతాను, పని చేయడమే గుర్తును చెరిపేసేలా పెట్టగలమా? కుదరకపోతేనే కాలానికి వదిలేయాలి, చీమలాగా. రెండూ లేని గుర్తు దయ్యమవుతుంది.

పని జరిగిన స్థితే కబురుగా మారడానికి ల్యాబుల్లో మంచి ఉదాహరణలున్నాయి. 1994లో బెకర్స్, హాలండ్, డెనూబూర్గ్ చేసిన చిన్న రోబోలకు జ్ఞాపకమే లేదు. నేల మీద 81 చిన్న బిళ్లలు పరిచారు. రోబో ముందు ఒక అరచేయి లాంటిది ఉంటుంది, ఒకటి రెండు బిళ్లలు పడితే తోసుకుంటూ పోతుంది, మూడు లేక అంతకన్నా ఎక్కువ తగిలి బరువు పెరిగితే వదిలేసి వెనక్కు తిరుగుతుంది. అంతే నియమం. కాసేపటికి బిళ్లలన్నీ ఒకే కుప్పకు చేరాయి. నీకు ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది, మూడు రోబోల వరకూ పని వేగం పెరిగింది, ఆ పైన ఒకదానికొకటి అడ్డం పడి తగ్గింది. 14 నుంచి 60కి వెళ్లేటప్పుడు ఆ మలుపు నీ గోడౌన్‌లో ఎన్ని బండ్ల దగ్గరుందో ముందే సిమ్యులేషన్‌లో వెతుకు. 2014లో హార్వర్డ్‌లో జస్టిన్ వెర్ఫెల్, కిర్‌స్టిన్ పీటర్సన్, రాధికా నాగ్‌పాల్ చెదల స్ఫూర్తితో ఇటుకలు మోసి కట్టే రోబోలు చేశారు. ఏ రోబోకూ మిగతావి ఎక్కడున్నాయో తెలియదు, కట్టినంత మేర గోడ ఎత్తు చూసి తర్వాతి ఇటుక వేయొచ్చా లేదా తేల్చుకుంటుంది.

మన బెంగళూరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దశాబ్దాలుగా రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగను చూస్తోంది. దీని రాణి గొడవ పడదు, ఎవరినీ అదిలించదు, చాలా సాధు జీవి. మరి మిగతావి గుడ్లు పెట్టకుండా ఎలా ఉంటున్నాయి? వాళ్ల పరిశోధన సూచించేది, రాణి తన పొట్ట చివరను గూటి మీద రుద్దుతూ తిరుగుతుంది, ఆ రసాయనం గూటికి అంటి "నేనున్నాను" అని చెబుతుంటుంది. రాణిని తీసేస్తే కొద్దిసేపటికే ఒక కూలి కందిరీగ విపరీతంగా రెచ్చిపోతుంది, తర్వాతి రాణి అదే. అంటే ఇక్కడ కబురు గుర్తులో లేదు, గుర్తు మాసిపోవడంలో ఉంది. మా ఛార్జింగ్ పాయింట్లకు దీన్నే వాడాం. బండి ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ అర నిమిషానికోసారి ఆ పాయింట్ మీద గుర్తు తాజా చేస్తుంది. బండి చచ్చిపోతే గుర్తు వాడిపోతుంది, వాడిన చోటికి ఇంకో బండి వెళ్లి చూస్తుంది. "నేను వెళ్లిపోతున్నాను" అనే మెసేజ్ పంపమని అంతకుముందు బండినే అడిగేవాళ్లం. చచ్చినవాడు చెప్పి చావడని తెలియడానికి రెండు బ్యాటరీలు పోయాయి.

నీ మెసేజ్ చివర ఇంకో ముక్క అడిగావు, ఇప్పుడు భాషా మోడళ్లతో (చాట్‌బాట్ల వెనక ఉండే ఏఐ) ఏజెంట్లు, అంటే తమంతట తామే పని చేసుకుపోయే ప్రోగ్రామ్‌లు, కడుతున్నారు కదా, దానికీ దీనికీ సంబంధముందా అని. ఉంది, అది కొత్తదీ కాదు. 1970ల్లో కార్నెగీ మెలన్‌లో మాట గుర్తుపట్టే హియర్‌సే-2 అనే సిస్టమ్ కట్టారు. ఆ బృందాన్ని నడిపించిన రాజ్ రెడ్డి గారు మన అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు మనిషి, చదివింది చెన్నైలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ సిస్టమ్‌లో ధ్వనులు తెలిసిన మాడ్యూల్ ఒకటి, మాటలు తెలిసినది ఒకటి, వాక్య నిర్మాణం తెలిసినది ఒకటి. ఏదీ ఇంకోదాన్ని పిలవదు. అందరికీ కలిపి ఒక నల్లబల్ల. "ఇక్కడ ఈ మాట ఉండొచ్చు" అని ఒకటి రాస్తే, అది చూసి ఇంకొకటి దాన్ని బలపరుస్తుంది లేదా కొట్టేస్తుంది. ఇది అచ్చంగా చీమల పద్ధతని అనను, ఎందుకంటే ఎవరి వంతు ఎప్పుడో తేల్చే షెడ్యూలర్ ఒకటి పైన ఉండేది. కానీ ప్రతి ఊహకూ ఎంత నమ్మకమో అంకె రాసేవాళ్లు, అది నేటివాళ్లు మరిచిపోతున్నారు. ఈమధ్య మా టీమ్‌లో కుర్రాళ్లు అయిదు ఏజెంట్లకు ఒక నోట్స్ ఫైలు ఇచ్చారు. ఒకటి "టెస్టులన్నీ పాస్ అయ్యాయి" అని రాసింది. ఆ తర్వాత కోడ్ మారింది, ఆ వాక్యం మారలేదు. మిగతా నాలుగూ దాన్నే నమ్మి రోజంతా పనిచేశాయి. నేను చూసి నవ్వాను, వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు. ఏడో సందే. ఆ వాక్యం బదులు టెస్టు నడిపి వచ్చిన ఫలితం ఫైలే జాడగా ఉండాలి, కోడ్ మారగానే అది చెల్లకుండా పోవాలి.

సర్వర్ తీసేయొచ్చా అన్నావు. వద్దు, కొన్నిటికి ఉంచు. బండి మనిషిని గుద్దకూడదు అన్నది ఏ జాడకూ వదలకు, బండి మీదున్న సెన్సర్, బ్రేకు, ఎర్ర బటన్ నేరుగా ఉండాలి. రెండు బండ్లు ఒకే కూడలిలోకి రావడం కూడా అంతే, అక్కడ ఒకటే గడి, ఒకటే తాళం, ముందు పట్టుకున్నది పోతుంది. ఫలానా ఆర్డర్ ఒక్కసారే తీయాలి, రెండుసార్లు తీయకూడదు అన్నదానికి మామూలు డేటాబేస్ చాలు. జాడలు "ఇంచుమించు" భాషలో మాట్లాడతాయి, లెక్క తప్పకూడని చోట వాటిని దించకు. ఎటు వెళ్తే తక్కువ రద్దీ, ఎక్కడ ఖాళీగా ఆగాలి, ఏ ఛార్జింగ్ పాయింట్ చూసుకోవాలి, వీటికి మాత్రం సర్వర్‌ని అడగడం మానేయొచ్చు. అప్పుడు వైఫై పోయినా బండి దగ్గరి పెట్టెను చదువుకుంటూ నడుస్తుంది.

ఒక జబ్బు గురించి ముందే హెచ్చరిస్తా. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డ్ దగ్గర ఫోన్‌లో మ్యాప్ చూసి మెయిన్ రోడ్ ఎర్రగా ఉందని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ లోపలి క్రాస్‌లోకి తిప్పుతావు. నీతోపాటు అదే మ్యాప్ చూసినవాళ్లంతా అదే క్రాస్‌లోకి తిప్పుతారు. పది నిమిషాల్లో క్రాస్ ఎర్రబడుతుంది, మెయిన్ రోడ్ ఖాళీ అవుతుంది. జాడ ఆలస్యంగా తాజా అయితే, అందరూ దాన్ని ఒకేలా చదివితే, గుంపు ఉయ్యాలలా ఊగుతుంది. నీ బండ్లూ అదే చేస్తాయి, ఆరు నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఆరుకి. అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్న సందునే ఎంచుకోమని రాయకు, ఇందాకటి వంతెన సూత్రంలాగా అవకాశంగా మార్చి పాచిక వేయించు. దాంతోపాటు బండి బండికీ ఆ మొగ్గు కొంచెం తేడాగా పెట్టు, ఒకటి తొందరపాటుది, ఒకటి మొండిది. అన్నీ ఒకే స్వభావంతో ఉంటే అరవై బండ్లు అరవై కాదు, ఒకే పెద్ద బండి.

ముందు 14 బండ్లతోనే, ఒక్క మూల నాలుగు సందుల్లో మొదలుపెట్టు. ఒక రోజంతా గ్రిడ్ రాయనీ, చదవనివ్వకు, సర్వరే నడపనీ. సాయంత్రం గ్రిడ్ ఏం చెప్పిందో, నిజంగా ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడు. ఆ తర్వాత నాకు రెండు అంకెలు పంపు, మీ గోడౌన్‌లో ఒక అడ్డం మామూలుగా ఎన్ని నిమిషాలు ఉంటుంది, ఒక సందు దాటడానికి బండికి ఎన్ని సెకన్లు పడుతుంది. సగం కాలం ఎంత పెట్టాలో అవి చూసి చెబుతా. మొదటి అంకె మాత్రం మేనేజర్‌ని అడిగి రాయకు, స్టూల్ వేసుకుని కూర్చో.